ఆషాఢంలో మొదటి ఎపిసోడ్

మాకు పెళ్లయిన ఇరవై మూడో రోజున ఆషాఢం వచ్చింది. అంతకు ముందు నా జీవితంలో ఆషాఢం ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో నేను పట్టించుకోలేదు. ఈసారి మాత్రం అది మా ఆయన్ని కర్దనూర్‌లో, నన్ను సంగారెడ్డిలో పుట్టింట్లో కూర్చోబెట్టింది.

"నెల రోజులు అల్లుడు మన గడప తొక్కొద్దు. అత్త, అల్లుడు ఒక్క గడప దాటొద్దు. మా పెద్దలు పెట్టిన్రు, నేను పెట్టింది కాదు," అంది అమ్మ, బ్లౌజుకు కాజాలు కుడుతూ, తల ఎత్తకుండా. అమ్మ పేరు ఇంద్రజ. మా వీధిలో సగం మంది ఆమె కుట్టిన బ్లౌజులే వేసుకుంటారు. నాన్న లారీ మీద నాందేడ్ వైపు వెళ్తే వారానికి గానీ రాడు కాబట్టి ఇంట్లో చట్టం అమ్మదే.

ఆ చట్టంలో సందు కనిపెట్టింది మా అమ్మమ్మ రాజవ్వ.

"మిద్దె మెట్లు బయట్నుంచి ఉన్నయ్ గద," అంది, వక్క నములుతూ. "మెట్లకు గడప ఏడిది? పిలగాడు మిద్దెకెక్కితె గడప తొక్కినట్టెట్ల అయితది?"

అమ్మ సూది ఆపింది. కాదనలేదు. అంతే, నాకు ఆ సాయంత్రమంతా కాళ్లు నేలమీద నిలవలేదు.

అనిల్ గుమ్మడిదల దగ్గర ఒక మందుల కంపెనీలో పని చేస్తాడు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివినా కాంట్రాక్టు మీదే. సెప్టెంబరులో కొందరిని పర్మినెంట్ చేస్తారని, లిస్టులో తన పేరు ఉంటుందని పెళ్లిచూపుల నాడే చెప్పాడు. ఆషాఢం నెలలో ఆర్డర్లు ఎక్కువని వారపు సెలవులు ఆపేశారు. అయినా ప్రతి గురువారం మధ్యాహ్నం రెండింటికల్లా మా సందు చివర అతని బండి చప్పుడు వినిపించేది. ఎలాగంటే, ప్రభాకర్ వల్ల.

ప్రభాకర్ అనిల్‌తో పాటే మూడో బ్లాక్‌లో చేరాడు. మా పెళ్లి బరాత్‌లో చెప్పులు తెగేదాకా ఆడిన మనిషి అతనే. గుమ్మడిదలలో వాళ్లది కూలి చేసుకునే ఇల్లు. కాంట్రాక్టు వాళ్లకు వేలిముద్రల హాజరు ఉండదు, మెడలో వేసుకునే టోకెన్ ఉంటుంది. ప్రభాకర్‌ది నలభై, అనిల్‌ది నలభై ఒకటి. గేటు దగ్గర నంబరు చూస్తారు తప్ప మొహం చూడరు. లోపల ఎలాగూ మాస్కు, టోపీ. గురువారం పొద్దున ఆరు నుంచి రెండు దాకా ప్రభాకర్ తన డ్యూటీ చేసి, గేటు బయటికి వచ్చి, నలభై ఒకటి టోకెన్ మెడలో వేసుకుని అనిల్ మధ్యాహ్నం డ్యూటీకి మళ్లీ లోపలికి వెళ్లేవాడు. ఆదివారం అతనికి బదులు అనిల్ అలాగే వెళ్లేవాడు. దాన్ని వాళ్లు బదిలి అంటారు. అక్కడ అందరూ చేసేదేనట.

మొదటి గురువారం అనిల్ మిద్దె ఎక్కేసరికి ఆరో మెట్టు మీద టిఫిన్ డబ్బా ఉంది. అమ్మ పెట్టింది. పెట్టి, తలుపు వేసుకుని, మిషన్ తొక్కుతూ కూర్చుంది. కింద మిషన్ చప్పుడు, పైన నీళ్ల ట్యాంకు నీడలో చాప, చాప మీద మేమిద్దరం, డబ్బాలో పచ్చిపులుసు, ముద్దపప్పు. ఇంతకంటే గొప్ప హోటల్ ఈ జిల్లాలో లేదని నాకు అనిపించింది.

"ఏదన్న సినిమ సూద్దామా?" అన్నాడు.

అప్పుడు ఫోన్‌లో మొదలుపెట్టాం ఆ సీరియల్‌ని. ప్రాణాలు తీసే ఆటల కథ. ఏ దేశందో గానీ తెలుగులోకి మార్చారు. మూతపడిన సిమెంటు ఫ్యాక్టరీలో వందమంది నిద్ర లేస్తారు. అందరి మెడలోనూ ఇనప బిళ్ల, బిళ్ల మీద నంబరు. పైన మైకులోంచి ఒక గొంతు నంబరు పిలుస్తుంది, ఒక గంట కొడుతుంది. గంట మోత ఆగేలోపు "ఉన్నాను" అనాలి. అనకపోతే వాళ్లు ఇక లేనట్టే. మొదటి ఎపిసోడ్ అంతా అదే ఆట. ఇద్దరం ఒక్కొక్క చెవిలో ఒక్కొక్క ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాం. ఒకరిని వదిలి ఒకరు చూడకూడదని ఒట్టు కూడా పెట్టుకున్నాం. అందుకే ఈ రోజుకీ రెండో ఎపిసోడ్‌లో ఏముందో మాకు తెలియదు.

ఆ రోజు ఇరవై నిమిషాలకే అనిల్ నా భుజం మీద నిద్రపోయాడు. ఆదివారం పదహారు గంటలు చేసి, వారమంతా సెలవు లేని మనిషి. లేపలేదు. తెర మీద జనం చచ్చిపోతుంటే నేను అతని కనుబొమ్మ మీద ఉన్న చిన్న గాటు ఎప్పటిదో ఊహించుకుంటూ కూర్చున్నాను.

రెండో గురువారం మళ్లీ మొదటినుంచి పెట్టాం. ముప్పై ఐదో నిమిషంలో వాన వచ్చింది. ట్యాంకు కింద ఇద్దరం ముడుచుకుని కూర్చుంటే ఫోన్ తడిసింది, మేము తడిశాం, నవ్వు ఆగలేదు. కిందనుంచి మిషన్ చప్పుడు ఒక్క నిమిషం ఆగి, మళ్లీ మొదలైంది.

మూడో గురువారం చూడటం మొదలుపెట్టకముందే ప్రభాకర్ ఫోన్ చేశాడు. టోకెన్ మార్చుకుని లోపలికి వెళ్లే ముందు ఫోన్ లాకర్లో పెట్టాలి కాబట్టి గేటు బయటినుంచి మాట్లాడుతున్నాడు.

"వదినా, నేనీడ రెండు డ్యూటీలు సేస్తున్న. నీ మొగడేమో నీ దగ్గరికొచ్చి పండుకుంటున్నడట. గిదేం న్యాయం?"

"నువ్వు పండుకోవా అన్నా, రెండో డ్యూటీల?"

"పండుకుంట. డ్రమ్ముల గది ఎనక అరగంట. చెప్పకు ఎవ్వరికి."

"మరి నంబరు పిలిస్తె?"

"పక్కోడు పలుకుతడు వదినా. అందరు గట్లనే. మొన్న డ్యూటీలు మారే యాల్లకు మాక్ డ్రిల్లు పెట్టిన్రు. సైరన్ మోగంగనే అందరు బయటికొచ్చి లైన్ల నిలబడాలె. నీ మొగడు బాత్రూమ్‌ల ఉండె. నలభై అంటె నేనే పలికిన, నలభై ఒకటి అంటె గొంతు మార్చి నేనే పలికిన. మీరు సూస్తున్న సీరియల్‌ల లెక్కనే, ఉన్నాను, అని. లైనంత నవ్వుడే."

అనిల్ ఫోన్ లాక్కుని, "లోపలికి పోరా, టైమైతుంది," అన్నాడు నవ్వుతూ.

వాళ్ల బ్లాక్‌లో అప్పటికి అందరూ ఆ మొదటి ఎపిసోడ్ చూశారట. అందులో ఒక ముసలాయన ఉంటాడు, నంబరు అరవై మూడు. చెవులు వినపడవు. అతని నంబరు పిలిచినప్పుడు పక్కనున్న కుర్రాడు గొంతు మార్చి పలికి కాపాడతాడు. ఆ రోజు మొదటిసారి అక్కడిదాకా చూశాం. నాకు ఏడుపొచ్చింది. అనిల్ నా చున్నీతోనే నా కళ్లు తుడిచి, "మా ప్రభాకర్‌గాడే," అన్నాడు.

సరిగ్గా అప్పుడు అమ్మమ్మ మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చింది. నేనూ చూస్తా, ముందరి నుంచి పెట్టు, అంది. కొత్తగా పెళ్లయిన వాళ్ల మధ్యలో చాప మీద కూర్చుని, ఇయర్‌ఫోన్ తీసేయించి, గంటసేపు చూసింది.

"గిదేం ఆటనే? ఓడిపోతె ఇంటికి పంపొచ్చు గద. సంపుడెందుకు?"

"ఇంటికి పంపితె ఎవ్వరు సూడరు అమ్మమ్మా," అన్నాడు అనిల్.

"నువ్వు సూస్తవా?"

అనిల్ తల గోక్కున్నాడు. అమ్మమ్మ లేచి, "అల్లుడా, ఇంగ సూడకుండ్రి ఇసుంటివి. కొత్త పెండ్లోల్లు," అని దిగిపోయింది. ఆమె వెళ్లాక మేము ఎంతసేపు నవ్వామో చెప్పలేను.

నాలుగో గురువారం ఆషాఢంలో చివరిది. అమావాస్యకు మూడు రోజులే ఉంది. తర్వాత నేను కర్దనూర్ వెళ్లిపోతాను, ఈ దొంగతనం అవసరం ఉండదు. అందుకని కాస్త బెంగగా కూడా ఉంది. ఈ రోజు రెండో ఎపిసోడ్ చూసే తీరాలని, మక్క కంకులు కాల్చి ఉప్పు, నిమ్మకాయ రాసి పెట్టాను.

నాలుగు దాటాక అనిల్ ఫోన్‌లో వరసగా టింగు టింగు మంది. వాళ్ల బ్లాక్ గ్రూపు. కంపెనీ పక్కనే ఇల్లున్న ఐలన్న పెట్టాడు. పొద్దటి డ్యూటీ చేసి ఇంటికి వెళ్లిన మనిషి. 'మన బ్లాక్‌ల సైరన్. పసుపు పొగ వస్తుంది.' కింద ఒక ఫొటో. ప్రహరీ మీదుగా లేత పసుపు రంగు మబ్బులాంటిది.

అనిల్ లేచి నిలబడ్డాడు. కంకి చాప మీద పడింది.

ప్రభాకర్‌కి చేశాడు. మోగింది, మోగింది, ఎత్తలేదు. లాకర్లో ఉంది కదా, ఎలా ఎత్తుతాడు. లోపలున్న వాళ్లందరి ఫోన్లూ అక్కడే. ఐలన్నకు చేశాడు.

"అన్నా, గేటు తానికి పో జెర. ప్రభాకర్ కనిపిస్తుండా సూడు."

"గేటు తాన్నే ఉన్న తమ్మీ. లోపల లైన్ల నిలబెట్టిన్రు అందర్ని. మాస్కులు, టోపీలు. ఈడికెల్లి ఎవరెవరో తెలుస్తలేదు. గేటు తీస్తలేరు. ఆగు, హాజరీ తీస్కుంటున్నరు."

ఫోన్ పెట్టలేదు. మాకు దూరంగా ఎవరో నంబర్లు అరవడం, జవాబులు వినిపించాయి. ఏమీ తెలియలేదు. కాసేపటికి ఐలన్నే అన్నాడు.

"అయింది తమ్మీ. యాభై రెండుకు యాభై రెండు. లోపల ఎవ్వరు లేరట. ఏం పరేషాన్ లేదు."

నా గుండె కుదుటపడింది. నిజంగానే నవ్వాను. పడిపోయిన కంకి తీసి ఉఫ్‌మని ఊది, ట్యాంకు మీద పెట్టాను. అనిల్ నవ్వలేదు. ఫోన్ చేతిలో పట్టుకుని ఐలన్న పెట్టిన ఫొటోనే చూస్తున్నాడు.

"పొద్దున ఆరింటికెల్లి ఉన్నడు వాడు," అన్నాడు. "ఈ యాల్లకే పండుకుంటడు. డ్రమ్ముల గది ఎనక."

"మరి నలభై ఒకటి అంటె ఎవరో పలికిన్రు గద."

"ఎవరు?"

అతను శివకుమార్ సార్ నంబరు తీశాడు. సూపర్‌వైజరు. లోపల ఫోన్ ఉంచుకునేది ఆయనొక్కడే. తీసి, నా వైపు చూశాడు. ఆయనకు ఫోన్ చేయడమంటే బదిలి సంగతి ఒప్పుకోవడం. ఒప్పుకుంటే సెప్టెంబరు లిస్టు కాదు, రేపటి డ్యూటీ కూడా ఉండదు. అనిల్‌కీ, ప్రభాకర్‌కీ. మాకు కర్దనూర్‌లో రెండెకరాలున్నాయి. ప్రభాకర్ వాళ్లకు ఆ టోకెనే ఉంది.

"పది నిమిషాలాగుదాం," అన్నాను. అన్నది నేనే. "బయట పడంగనే ప్రభాకరన్నే చేస్తడు. లెక్క సరిపోయిందన్నరు గద అనిల్."

ఆగాం. కింద అమ్మ మిషన్ తొక్కుతోంది. ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసింది. ఫోన్ మీద ఒక నిమిషం మారింది, ఇంకోటి మారింది. ఆ నిమిషాలు అనిల్‌వి కావు, నావి. వాటికి ఇంకొకరు కూడా హక్కుదారు అని నాకు అప్పుడు తెలియదు.

నాలుగో నిమిషంలో అనిల్ అన్నాడు, చాలా మామూలుగా, వేరే ఎవరి గురించో చెబుతున్నట్టు.

"ఆ యాభై రెండుల నేను సుత ఉన్న, మహీ. నేనీడ ఉన్న."

ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టలేదు గానీ సార్ గొంతు నాకూ వినిపించింది.

"సార్, అనిల్‌ని. నలభై ఒకటి."

"ఏందయ్యా? నువ్వు లైన్ల ఉన్నవ్ గద."

"లేను సార్. సంగారెడ్డిల ఉన్న. నా టోకెన్ మీద ప్రభాకర్ వచ్చిండు. ఆయన బయటికొచ్చిండో లేదో సూడుండ్రి సార్. డ్రమ్ముల గది ఎనక సూడుండ్రి."

"ఎంత పని జేసిన్రయ్యా," అన్నది వినిపించింది. ఫోన్ తెగింది.

ఆరు దాటాక ప్రభాకర్ చేశాడు. అనిల్ 'హలో' అనేలోపే అందుకున్నాడు.

"నేనే పలికినరా. నలభై ఒకటి అంటె నేనే పలికిన. ముందటి లైన్ల, సార్ ముంగట్నే నిలబడ్డ. ఫోన్ రాంగనే ఆయన వచ్చి నా మాస్కు గుంజిండు. అందరి ముంగట. టోకెన్ తీస్కొని సెక్యూరిటీ రూమ్‌ల కూసోబెట్టి ఇప్పుడు ఇడిసిపెట్టిన్రు. రేపట్నుంచి గేటు తానికి రావొద్దన్నరు."

"మంచిగున్నవ్ గద?" అన్నాడు అనిల్.

"బతికే ఉన్నరా. గదే చెప్తున్న. బతికే ఉన్న, నువ్వు జెర ఆగకపోతివి."

అనిల్ ఆ తర్వాత మెట్ల మీద కూర్చున్నాడు, ఆరో మెట్టు మీద, డబ్బా పక్కన. నేను రెండు మెట్లు పైన. కింద తలుపు తెరుచుకుంది. అమ్మ మెడలో టేపు వేలాడుతుండగానే వచ్చి నిలబడింది. మా మాటలు ఎంతవరకు విందో తెలియదు. నెల రోజుల తర్వాత మొదటిసారి అల్లుడి మొహం చూసింది.

"లోపటికి రా బిడ్డా," అంది. "అన్నం తిందువు."

అనిల్ గడప వైపు చూశాడు. అమ్మ వెనకే వచ్చి గడపలో నిలబడ్డ అమ్మమ్మ వైపు చూశాడు. అమ్మమ్మ వక్క నమలడం ఆపి, పక్కకు జరిగి దారి ఇచ్చింది.

శ్రావణంలో నేను కర్దనూర్ వెళ్లాను. అనిల్ పటాన్‌చెరు వైపు ఒక ప్లాస్టిక్ బకెట్ల షెడ్డులో హెల్పర్‌గా చేరాడు. చదువుకు, పనికి సంబంధం లేదు. మా అత్త ఇందిరమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ పని దొరికేదాకా అనిల్ ఇంట్లో ఉంటే, "నాట్లకు ఒక మనిషి ఎక్కువైండు, మంచిదే," అని మాత్రం అంది. పొద్దున్నే అతని డబ్బా కడుతుంటే నాకు అయినా సంతోషం వేసేది, అది దాచుకోవలసి వచ్చేది. పగలు నేను కూడా సంగారెడ్డిలో పనికి దరఖాస్తులు పెట్టడం మొదలుపెట్టాను. ప్రభాకర్‌కి అనిల్ రోజూ ఫోన్ చేసేవాడు. ఎత్తేవాడు కాదు.

రెండో శుక్రవారం అనిల్ బండి తీసి, "వస్తవా?" అన్నాడు. ఎక్కడికని అడగలేదు. ఎక్కాను.

గుమ్మడిదలలో ప్రభాకర్ ఇల్లు రెండు గదుల రేకుల ఇల్లు. వాకిట్లో అతని తల్లి మొగులమ్మ నిలబడి బకెట్ నీళ్లతో కాళ్లు కడుక్కుంటోంది. నాట్లనుంచి అప్పుడే వచ్చినట్టుంది, పిక్కల దాకా బురద. మమ్మల్ని చూసింది. కూర్చోమనలేదు.

"సచ్చిండేమో సూడుమని ఫోన్ చేసింది నువ్వేనా?" అంది అనిల్‌తో.

"నేనే అవ్వా."

ఆమె ఇంకో చెంబు పోసుకుంది. లోపలినుంచి ప్రభాకర్ వచ్చాడు. భుజం మీద చొక్కా, మెడ మీద బస్తాలు మోసిన ఎర్రటి గీతలు. అనిల్‌ని చూసి గోడకు ఆనుకున్నాడు.

"నిన్న ఒడిశా పోరగాండ్లు వచ్చిన్రు," అన్నాడు, పలకరింపు లేకుండా. "మనోల్లే, డ్రయ్యర్ కాడ చేసేటోల్లు. నలభై ఒకటి ఎవరని అడుక్కుంట అడుక్కుంట ఈడికొచ్చిన్రు."

"ఎందుకు?"

"నన్ను పట్టుకపోయినంక సార్‌కి అనుమానమొచ్చిందట. ఒక్కడు దొంగ హాజరీ అయితె ఇంకెంతమంది ఉన్నరో అని. అందరి మాస్కులు తీపిచ్చి, మొఖాలు సూసి లెక్కపెట్టిండు. నన్ను కలుపుకున్నా యాభై ఒకటే ఉన్నయట." ప్రభాకర్ చొక్కా తీసి మడత పెట్టడం మొదలుపెట్టాడు. "ఇరవై తొమ్మిది లేడు. వాని ఊరోడే వానికి పలికిండు, ఎప్పటి లెక్కనే. ఎనక వస్తుండనుకున్నడట. డ్రయ్యర్ మెట్ల కింద పడున్నడు."

నేనే అడిగాను.

"ఉన్నడా అన్నా?"

"ఉన్నడు వదినా. ఇంగ నాలుగైదు నిమిషాలు అయితె లేకుంటుండె అన్నడట డాక్టరు. ఊపిరి సరిగ రాలే ఇంక. మొన్న రైలెక్కిచ్చిన్రు, ఇంటికి."

నాలుగైదు నిమిషాలు. నేను మా బండి అద్దం మీద దుమ్ము చూస్తూ నిలబడ్డాను. మిద్దె మీద నేను అడిగింది పది.

"నాకప్పుడు తెల్వదు," అన్నాడు ప్రభాకర్ అనిల్‌తో. "తెలిస్తె ఫోన్‌ల గట్ల అనకపోదును. కని నౌకరి అయితె పోయింది. అది నువ్వు తేలేవు, నేను తేలేను."

"తేలేను," అన్నాడు అనిల్.

ఇద్దరూ నేలవైపు చూస్తున్నారు. మొగులమ్మ చెంబు బకెట్‌లో వేసి, చీర కుచ్చిళ్లు దించుకుంది.

"ఆ పిలగాని తల్లి ఏ దేశంల ఉన్నదో గని, నీకు దండం పెడ్తది బిడ్డా," అంది అనిల్‌తో, కోపం లేకుండా. "నన్ను మాత్రం పెట్టుమనకు."

"వద్దవ్వా," అన్నాడు.

ఆమె లోపలికి వెళ్లింది. వెళ్లిపోయిందనుకున్నాం. అనిల్ బండి తాళం చెవి జేబులోంచి తీశాడు కూడా. ఆమె రెండు గ్లాసుల్లో నీళ్లు పట్టుకుని వచ్చింది. ఒకటి ముందు నాకిచ్చింది, ఇంకోటి అనిల్‌కి. మేము తాగేదాకా, గ్లాసులకోసం చెయ్యి చాచి, అక్కడే నిలబడింది.